పాలు ఎవరు తాగారు?

1907 ఏప్రిల్‌లో బెంగాల్ జాతీయోద్యమ నాయకుడు బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చారు. వందేమాతరం ఉద్యమం రోజులు. ఆయన ఇంగ్లీషు ఉపన్యాసాలను జనానికి తెలుగులో చెప్పినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఖండవల్లిలో పుట్టి వీరవాసరంలో పెరిగిన అచ్చమైన గోదావరి మనిషి. ఆ సభల్లో ఆయన చదివిన పద్యం ఇప్పటికీ చాలామందికి నోటికొచ్చు:

భరతఖండంబు చక్కని పాడియావు
హిందువులు లేగదూడలై యేడ్చుచుండ
తెల్లవారను గడుసరి గొల్లవారు
పితుకుచున్నారు మూతులు బిగియగట్టి

ఈ నాలుగు పాదాల్లో పన్నుల లెక్కలు లేవు, ఎగుమతుల ఊసు లేదు. అయినా వలసపాలన అంటే ఏమిటో పాడి ఉన్న ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలిసిపోతుంది. ఆవు మనది, దూడలం మనం, పాలు మాత్రం ఇంకెవరి చెంబులోకో. అన్నిటికన్నా గట్టి మాట చివరి పాదంలో ఉంది. దూడకి పాలు దొరకలేదంటే జాలి కలుగుతుంది. దూడ మూతి బిగించి కట్టారంటే కోపం వస్తుంది. దోపిడీ, నోరు నొక్కడం రెండూ ఒకే బొమ్మలో ఇమిడిపోయాయి. ఆ ఏడాదే రాజమండ్రిలో వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్న విద్యార్థుల మీద కాలేజీ అధికారులు చర్యలకు దిగారు. అక్కడి ట్రైనింగ్ కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావును బయటికి పంపించేశారు.

ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత ఇంగ్లండులో ఇంకో పాల కథ అచ్చయింది. 1945 ఆగస్టు 17న వచ్చిన జార్జ్ ఆర్వెల్ నవలిక 'యానిమల్ ఫామ్'. ఆర్వెల్ పుట్టింది బీహార్‌లోని మోతిహారిలో, 1903లో. తండ్రి ఇక్కడి బ్రిటిష్ ప్రభుత్వంలో నల్లమందు శాఖ ఉద్యోగి. కొడుకు బర్మాలో ఐదేళ్లు పోలీసు అధికారిగా చేసి, ఆ పని మీద రోత పుట్టి మానేశాడు. అంటే చిలకమర్తి పద్యంలో చెంబు పట్టుకున్నవాళ్ల పక్కన కొన్నాళ్లు పనిచేసినవాడే.

కథ చాలామందికి తెలిసిందే. ఒక తాగుబోతు యజమానిని జంతువులన్నీ కలిసి తరిమేస్తాయి. ఇక పొలం మనదే, పాలు మనవే అనుకుంటాయి. మొదటిరోజే పందులు ఐదు బకెట్ల పాలు పితుకుతాయి. ఈ పాలేం చేద్దాం అని ఎవరో అడుగుతారు. అదంతా తర్వాత చూద్దాం, ముందు గడ్డి కోతకి పదండి అంటుంది నాయకత్వంలో ఉన్న పంది. సాయంత్రం తిరిగొచ్చేసరికి బకెట్లు ఖాళీ. కొన్నాళ్లకి తెలుస్తుంది, రోజూ ఆ పాలు పందుల దాణాలో కలుస్తున్నాయని.

విప్లవం గురించి రాసిన కథల్లో ఇంత చిన్న సంఘటనకి ఇంత బరువు ఎక్కడా చూడలేదు నేను. అది నా ఒక్కడి అభిప్రాయం కాదు. 1946 చివర్లో ఒక అమెరికన్ మిత్రుడికి రాసిన ఉత్తరంలో ఆర్వెల్ స్వయంగా చెప్పాడు: కథ మలుపు తిరిగేది పందులు పాలనీ ఆపిల్ పళ్లనీ తమకే ఉంచుకున్నప్పుడు, ఆ ఘట్టం నా మనసులో క్రోన్‌స్టాట్ అని. క్రోన్‌స్టాట్ అంటే పెట్రోగ్రాడ్ దగ్గరి నౌకాస్థావరం. 1917 విప్లవానికి అండగా నిలిచిన నావికులే 1921 మార్చిలో అక్కడ తిరగబడ్డారు. సోవియట్లకు, అంటే కార్మికుల, సైనికుల మండళ్లకు మళ్లీ ఎన్నికలు పెట్టండి, మాట్లాడే స్వేచ్ఛ ఇవ్వండి అని అడిగారు. ఎర్రసైన్యం వాళ్లని అణచేసింది. ఆ సైన్యానికి అప్పటి అధిపతి ట్రాట్‌స్కీ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. కథలో నెపోలియన్ అనే పంది స్టాలిన్, స్నోబాల్ ట్రాట్‌స్కీ అని తెలిశాక, స్నోబాల్ మంచివాడు, నెపోలియన్ చెడ్డవాడు, మంచివాడు గెలిచుంటే కథ సుఖాంతమయ్యేది అని తేల్చేస్తారు. కానీ ఆర్వెల్ ఒక ముక్క జాగ్రత్తగా పెట్టాడు. ప్రతిదానికీ కొట్టుకునే ఆ రెండు పందులూ పాలు, ఆపిల్ పళ్ల విషయంలో మాత్రం ఏకమయ్యాయి. అదే ఉత్తరంలో ఆయన తన ఉద్దేశం కూడా చెప్పాడు: ఎవరి విప్లవం వాళ్లే చేసుకోవాలి, దయగల నియంత అనేవాడు ఉండడు.

మిగతా పోలికలు తేలిగ్గానే దొరుకుతాయి. కుక్కలు రహస్య పోలీసులు. జంతువులు చెమటోడ్చి కట్టే గాలిమర పంచవర్ష ప్రణాళికలు. జంతువుల ముందు ఒప్పుకోళ్లు, వెంటనే చంపడాలు, 1936 నుంచి 1938 దాకా సాగిన మాస్కో విచారణలు. తిరుగుబాటు పాటని నిషేధించడం కూడా ఊరికే కల్పించింది కాదు. కార్మికోద్యమ గీతం 'ఇంటర్నేషనల్' స్థానంలో 1944 జనవరిలో సోవియట్ యూనియన్ కొత్త జాతీయగీతం పెట్టుకుంది. అయితే ఏ జంతువు ఎవరో గుర్తుపట్టి ఊరుకుంటే ఈ కథ పొడుపుకథగా మిగిలిపోతుంది. ఆర్వెల్ అసలు పట్టించుకున్నది భాషని. విప్లవం ఎలా చెడిందో చెప్పినదానికన్నా, చెడుతున్నప్పుడు దాన్ని మాటలతో ఎలా కప్పిపుచ్చారో ఎక్కువ వివరంగా చెప్పాడు.

ఈ విషయంలో మన పంచతంత్రం ఆయనకన్నా చాలా ముందుంది. చిన్నయసూరి 1853 నాటి నీతిచంద్రికలోనూ ఉన్న మిత్రభేదం కథ గుర్తుందా? పింగళకుడనే సింహానికీ సంజీవకుడనే ఎద్దుకీ స్నేహం కుదురుతుంది. దమనకుడనే నక్క సింహం దగ్గరకెళ్లి ఎద్దు నిన్ను చంపే ఆలోచనలో ఉందంటుంది. ఎద్దు దగ్గరకెళ్లి సింహం నిన్ను తినబోతోందంటుంది. రెండూ భయంతో, బిగుసుకుపోయిన ఒంటితో ఎదురుపడతాయి. ఒకదాని భయం ఇంకోదానికి శత్రుత్వంలా కనిపిస్తుంది. నక్క చెప్పింది నిజమేనని రెండింటికీ రుజువు దొరికిపోతుంది! ప్రచారం పనిచేసే తీరుని ఇంతకన్నా క్లుప్తంగా చెప్పడం కష్టం. అబద్ధాన్ని నమ్మించడానికి సాక్ష్యం తేనక్కర్లేదు, సాక్ష్యం తనంతట తనే పుట్టే పరిస్థితి కల్పిస్తే చాలు.

ఆర్వెల్ కథలో ఆ నక్క పాత్ర స్క్వీలర్ అనే పందిది, సంజీవకుడి పాత్ర బాక్సర్ అనే గుర్రానిది. తేడా మాత్రం పెద్దది. పంచతంత్రం రాజకుమారులకి చెప్పిన కథ. సింహం రాజుగా ఉండొచ్చా అన్న ప్రశ్న అందులో రాదు. రాజు ఎవరి మాట వినాలన్నదే సమస్య. యానిమల్ ఫామ్‌లో కథ కొట్టంలోంచి నడుస్తుంది. రాజుగారి చెవిలో ఏం ఊదుతున్నారన్నది కాదు, పనిచేసేవాళ్ల చెవిలో ఏం ఊదుతున్నారన్నది ముఖ్యం. రాజమండ్రిలోనే కందుకూరి వీరేశలింగం 'సత్యరాజా పూర్వదేశ యాత్రలు'లో ఆడవాళ్లు ఏలే రాజ్యాన్ని కల్పించి, ఇక్కడ ఆడవాళ్లు పడే బాధలన్నీ అక్కడ మగవాళ్ల చేత పడించారు. ఆయన చేసిందీ ఇలాంటి పనే, చూసే చోటు మార్చడం.

ఇంతకీ స్క్వీలర్ ఏం చేస్తాడు? పాల సంగతి బయటపడ్డప్పుడు వాడు కాదనడు. అవును, మేమే తాగుతున్నాం అంటాడు. నిజానికి మాలో చాలామందికి పాలంటే పడవు, అయినా మీ కోసమే తాగుతున్నాం, బుర్రపని అంతా మాది కదా, మేం నీరసించిపోతే ఆ పాత యజమాని జోన్స్ తిరిగొస్తాడు, అదేనా మీక్కావలసింది అని అడుగుతాడు. ఈ ఒక్క ప్రసంగంలో మూడు పనులు జరిగిపోయాయి. లాభం త్యాగమైంది. విజ్ఞానశాస్త్రం సాక్షికొచ్చింది, పాలలో పందులకి అవసరమైన పోషకాలున్నాయట. చివర్లో భయం. జోన్స్ పేరు చెప్పాక ఇక పాల గురించి అడగడమంటే జోన్స్‌ని రమ్మనడమే. ప్రశ్న అడిగినవాడి మీదే అనుమానం తిరిగింది.

ఈ మూడోది ఏ పార్టీ పాలనలోనైనా వినపడుతుంది. మనం అడిగేది ఈ ఏడాది కాలువ ఎందుకు ఎండిందని. వచ్చే జవాబు, అవతలి పార్టీ వస్తే ఏమవుతుందో తెలుసా అని.

అంకెల సంగతి ఇంకోటి. కథలో ఆదివారం పూట స్క్వీలర్ కాగితం పట్టుకుని ఫలానా పంట రెండు వందల శాతం పెరిగింది, ఫలానాది ఐదు వందల శాతం అని చదువుతాడు. పాత రోజుల్లో ఎంత పండిందో జంతువులకి గుర్తులేదు కాబట్టి నమ్ముతాయి, ఒకోసారి మాత్రం అంకెలు తగ్గి తిండి పెరిగితే బాగుండుననుకుంటాయి. తిండి కోత పెట్టినప్పుడు దాన్ని కోత అని ఎప్పుడూ అనడు, సర్దుబాటు అంటాడు. సోవియట్ యూనియన్‌లో 1937లో జనాభా లెక్కలు తీస్తే, అంతకుముందు ఏలినవారు గొప్పగా ప్రకటించిన సంఖ్యకన్నా జనం తక్కువ తేలారు. 1932, 33 నాటి కరువులో పోయినవాళ్లు లెక్కలో కనపడ్డారన్నమాట. ప్రభుత్వం ఆ లెక్కల్ని తొక్కిపెట్టి, తీసినవాళ్లని అరెస్టు చేసి, 1939లో మళ్లీ లెక్కలు తీయించింది.

మన దగ్గర అంత ఘోరాలు జరగవు, పోల్చడం కూడా సరికాదు. కానీ భాష అలవాట్లు మాత్రం సీమలు దాటి వస్తాయి. 'చివరి ఎకరా వరకు సాగునీరు' అన్న మాట డెల్టాలో ప్రతి సీజన్‌లోనూ వినేదే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచీ కాలువ మొదట్లో ఉన్నవాడికీ శివారులో ఉన్నవాడికీ నీళ్ల దగ్గర తేడా ఉంది. 'చివరి ఎకరా' అంటే ఏ కాలువ కింద, ఏ ఊళ్లో, ఏ తేదీకి అని చెప్పరు. చెప్పకపోవడమే ఆ మాటకి బలం. సర్వే నంబరు లేని ఎకరాకి నీళ్లు చేరలేదని ఎవరు రుజువు చేస్తారు? అందుకే 2011 సార్వాకి కోనసీమ రైతులు ఊరికే విజ్ఞాపనలు ఇవ్వకుండా 'క్రాప్ హాలిడే' ప్రకటించినప్పుడు దేశమంతా తలతిప్పి చూసింది. పెట్టుబడి రాని వ్యవసాయం చేయలేం అన్న సంగతి అంతకుముందు వందసార్లు చెప్పారు. నాట్లు వేయకుండా వదిలేసిన పొలాన్ని మాత్రం ఏ ప్రకటనా పచ్చగా చూపించలేకపోయింది.

ఇప్పుడు గోడ దగ్గరికి వద్దాం, నాకు ఈ కథలో అన్నిటికన్నా టెన్షన్ పెట్టే చోటు అదే. తిరుగుబాటు తర్వాత జంతువులు ఏడు సూత్రాలు పెట్టుకుని తారు పూసిన గోడ మీద తెల్ల రంగుతో రాయిస్తాయి. ఏ జంతువూ మంచం మీద పడుకోకూడదు. మద్యం తాగకూడదు. సాటి జంతువుని చంపకూడదు. రోజులు గడిచేకొద్దీ పందులు ఒక్కోటీ చేస్తుంటాయి. అనుమానం వచ్చిన జంతువు గోడ దగ్గరికెళ్లి చూస్తే, సూత్రంలో ఒక చిన్న మాట ఎక్కువ కనిపిస్తుంది. దుప్పటి వేసిన మంచం మీద పడుకోకూడదు. మోతాదు మించి తాగకూడదు. కారణం లేకుండా చంపకూడదు. ఓహో, మేమే సరిగా గుర్తుపెట్టుకోలేదు కాబోలు అనుకుని వెళ్లిపోతాయి. ఒక రాత్రి నిచ్చెన విరిగి, రంగు డబ్బా ఒలికి, పక్కనే స్క్వీలర్ పడి ఉంటాడు గోడ కింద. అప్పుడు కూడా వాటికి విషయం అర్థంకాదు, ఒక్క ముసలి గాడిదకి తప్ప.

దీన్ని జంతువుల తెలివితక్కువతనంగా చదవకూడదు. వాటికి ఉన్న ఒకే ఒక దస్తావేజు ఆ గోడ, దాని మీద రాసే పని పందులది. డెల్టాలో కౌలు చేసేవారికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ సాగులో పెద్ద భాగం కౌలుదార్లదే, ఒప్పందాలు ఎక్కువగా నోటిమాట మీదే. పంట పండినన్నాళ్లూ మాట మాటలాగే ఉంటుంది. తుపానుకి చేను పడిపోయి పరిహారం రాసే రోజున కాగితం మీద ఎవరి పేరుందన్నదే లెక్క. 2011లో రుణ అర్హత కార్డులకీ, 2019లో పంట సాగుదారు హక్కు పత్రాలకీ చట్టాలు వచ్చాయి. 2019 చట్టం కింద పత్రం కావాలంటే యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. చాలామంది అక్కడే ఆగిపోయారు. జ్ఞాపకం ఒకరిదీ రాత ఇంకొకరిదీ అయినప్పుడు గొడవ వస్తే రాతే గెలుస్తుంది.

పెద్ద రాజకీయాల్లో గోడ మీద రాత మారడం మన కోస్తా కమ్యూనిస్టులు కూడా ఎదుర్కొన్న చిక్కే. 1939 ఆగస్టు 23న స్టాలిన్, హిట్లర్ ప్రభుత్వాలు ఒకదాని మీద ఒకటి దాడి చేయకూడదని ఒప్పందం చేసుకున్నాయి. వారం దాటగానే యుద్ధం మొదలైంది. అప్పుడు అది సామ్రాజ్యవాదుల యుద్ధం. 1941 జూన్ 22న హిట్లర్ రష్యా మీద పడ్డాడు. మన దేశంలో పార్టీ కొన్ని నెలలు తర్జనభర్జన పడి, ఆ ఏడాది చివరికి అదే యుద్ధాన్ని ప్రజాయుద్ధం అంది. 1942 జూలైలో ప్రభుత్వం పార్టీ మీద నిషేధం తీసేసింది. ఆగస్టులో క్విట్ ఇండియా వస్తే పార్టీ దూరంగా ఉండిపోయింది. నాజీలు గెలిస్తే ఎంత ప్రమాదమో తర్వాత లోకమంతా చూసింది కాబట్టి ఆ నిర్ణయంలో తర్కం లేదనను. పరిస్థితి మారితే అభిప్రాయం మార్చుకోవడం తప్పు కాదు. మార్చుకున్నాం, ఇందుకు మార్చుకున్నాం అని చెబుతున్నారా, లేక మొదటి నుంచీ ఇదే అంటున్నాం అంటున్నారా అన్నదే చూడాలి. మొదటిది రాజకీయం, రెండోది నిచ్చెన, రంగు డబ్బా వ్యవహారం.

ఇందులో ఎర్రజెండా వాళ్లు ఒక్కరే ఉన్నారనుకుంటే పొరపాటు. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టి పత్రికలకి సెన్సార్ బిగించిన ప్రభుత్వం దేశమంతా వేయించిన నినాదాల్లో ఒకటి మాటలు తక్కువ, పని ఎక్కువ అని. దాన్ని గాలిమర రాళ్లు మోస్తూ 'ఇంకా కష్టపడతాను' అనే బాక్సర్ నోట పెట్టినా తేడా తెలీదు. బాక్సర్‌కి ఇంకో నమూనా సోవియట్ గని కార్మికుడు స్టఖనోవ్. 1935 ఆగస్టులో ఒకే షిఫ్టులో 102 టన్నుల బొగ్గు తవ్వాడని ఆకాశానికెత్తారు, పక్కన సాయం చేసినవాళ్ల పేర్లు పెద్దగా వినపడలేదు. ఆ తర్వాత మిగతా కూలీల రోజువారీ లక్ష్యాలు పెరిగాయి.

బాక్సర్ ఎందుకు నమ్ముతాడు? తెలివి తక్కువ కాబట్టి అని ఆర్వెల్ కొంతవరకు అంటాడు, ఆ గుర్రానికి అక్షరాల్లో నాలుగు దాటి రావు. నాకు అది చాలదనిపిస్తుంది. నెపోలియన్ తరిమేసిన స్నోబాల్ మొదటి నుంచీ ద్రోహి అని స్క్వీలర్ చెప్పినప్పుడు ఎదురు చెప్పింది బాక్సర్ ఒక్కడే. జోన్స్‌తో జరిగిన యుద్ధంలో స్నోబాల్‌కి గాయాలవడం నేను చూశానంటాడు. కామ్రేడ్ నెపోలియనే అన్నాడు అనేసరికి, అయితే నిజమే అయ్యుంటుందంటాడు. తన కళ్లు చూసింది నిజమైతే తను మోసిన రాళ్లన్నీ వృథా అని ఒప్పుకోవాలి. ఒళ్లు హూనం చేసుకున్నవాడికి అది చాలా ఖరీదైన నిజం. పార్టీల కోసం ఇరవై, ముప్పై ఏళ్లు జెండా మోసిన పెద్దమనుషులతో వాదించి చూడండి, ఇదే ఎదురవుతుంది. మోసపోయారని తిడితే ఇంకా బిగుసుకుంటారు. చివరికి బాక్సర్‌ని కబేళా బండి ఎక్కించి, ఆ బండి ఇప్పుడు పశువైద్యుడిది, పాత పేరు చెరపలేదంతే అని స్క్వీలర్ సర్దిచెబుతాడు. జంతువులకి ప్రాణం లేచొస్తుంది. నమ్మడమే హాయి మరి.

జంతువుల కథకున్న బలహీనత సంగతి కూడా చెప్పుకోవాలి. చిలకమర్తి పద్యంలో దూడలన్నీ ఒకటే. 1907లో డెల్టాలో కాలువ కింద వందల ఎకరాలున్న ఆసామీ, ఆయన దగ్గర ఏడాది జీతానికి కుదిరిన పాలేరు, ఇద్దరూ ఒకేలా పాలు లేక ఏడ్చే దూడలు కారు. తెల్లవాడితో పోరాటానికి అందరినీ ఒకే గాటన కట్టే బొమ్మ కావలసి వచ్చింది, ఆ పద్యం ఆ పని చేసింది. పాలు తిరిగి వచ్చాక ఎవరెవరికి ఎంతన్నది అందులో లేదు. విప్లవానికి ముందు పుట్టే కథలన్నిటికీ ఉండే లోటు ఇది. ఆర్వెల్ కథది వేరే లోటు. పందులు పుట్టుకతోనే తెలివైనవి, గొర్రెలు పుట్టుకతోనే మందబుద్ధులు. మనుషుల్లో అలా ఉండదు. చదువు ఎవరికి అందిందన్నదాన్ని బట్టి తెలివి కనపడుతుంది. 1944లో ఈ పుస్తకాన్ని తిప్పిపంపిన ఒక ప్రచురణ సంస్థ తరఫున కవి టి.ఎస్. ఎలియట్ రాసిన జవాబు ఈ లోటులోంచే వచ్చింది. పందులే అందరికన్నా తెలివైనవి కాబట్టి పొలం నడపడానికి అవే తగినవి, కావలసింది ఇంకాస్త ప్రజాహితం ఉన్న పందులు అన్నాడు. మహాకవి కూడా మంచి పందుల కోసం వెతికాడు.

ఇంకో ప్రచురణకర్త మొదట ఒప్పుకుని, ప్రభుత్వ సమాచార శాఖ అధికారి ఒకరు వద్దనేసరికి వెనక్కి తగ్గాడు. రష్యా అప్పుడు బ్రిటన్‌కి మిత్రదేశం. యుద్ధం ముగిసి రష్యా శత్రువైంది, అదే పుస్తకం ఆయుధమైంది. ఆర్వెల్ 1950 జనవరిలో చనిపోయాడు. ఆ తర్వాత అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ రహస్యంగా డబ్బు పెట్టి దాన్ని కార్టూన్ సినిమాగా తీయించింది, 1954లో విడుదలైంది. పుస్తకం చివర్లో పందులూ మనుషులూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని పేకాడుతుంటే, కిటికీలోంచి చూసే జంతువులకి ఎవరు ఎవరో తేడా తెలీదు. సినిమాలో ఆ మనుషుల్ని తీసేశారు, పందులే మిగిలాయి. పైగా మిగతా జంతువులు పందుల మీద తిరగబడినట్టు కొత్త ముగింపు పెట్టారు.

ఆర్వెల్ ఈ పుస్తకానికి ఒక ముందుమాట కూడా రాశాడు. అచ్చుకి ముందు తీసిన ప్రూఫుల్లో దానికి చోటు వదిలారు గానీ 1945 ప్రచురణలో అది రాలేదు. 1972లో గానీ వెలుగు చూడలేదు. అందులో ఆయన కోపం రష్యా మీద కన్నా సొంతదేశపు పత్రికల మీద, రచయితల మీద ఎక్కువ. అధికారికంగా ఏ నిషేధమూ లేకుండానే, ఇప్పుడు ఈ మాట అనడం బాగోదు అన్న మర్యాదతో ఇంగ్లండులో చాలా నిజాలు అచ్చుకి రాకుండా ఆగిపోతున్నాయని ఆయన ఫిర్యాదు.